పిల్లాడు సన్నగానే ఉన్నాడు, షుగర్ భయం ఎందుకు?

"మా వాడు బక్కగానే ఉన్నాడు, టెస్టులెందుకు?" అని చాలా ఇళ్లలో అంటారు. కానీ పైకి సన్నగా కనిపించే పిల్లల్లో కూడా పొట్ట లోపల కొవ్వు చేరొచ్చు. కేంద్ర ఆరోగ్య శాఖ 2016-18లో చేయించిన జాతీయ పోషకాహార సర్వేలో, 5 నుంచి 19 ఏళ్ల వారిలో సుమారు 10 శాతం మంది షుగర్‌కు ముందు దశలో ఉన్నారని తేలింది.

ఇంట్లోనే ఒకసారి చూడండి. 5 ఏళ్లు దాటిన పిల్లల ఎత్తును దారంతో కొలిచి, దాన్ని సగానికి మడవండి. బొడ్డు దగ్గర నడుం చుట్టూ తిప్పితే కొసలు కలవాలి. కలవకపోతే పొట్ట కొవ్వు ఎక్కువ ఉన్నట్టు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే మురికి అనుకుని రుద్దకండి. ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనడానికి అది గుర్తు కావొచ్చు.

ఈ రెండిట్లో ఏది కనిపించినా పిల్లల డాక్టర్‌కి చూపించాలి. పరగడుపున షుగర్ 100 లోపు ఉండాలి. 100 నుంచి 125 వరకు ముందు దశ. 126, ఆపైన వస్తే డాక్టర్ మళ్లీ పరీక్ష చేయించి నిర్ధారిస్తారు.

ముందు దశలోనే పట్టుకుంటే ఆటలు బాగా పనిచేస్తాయి. ఒళ్లు కదిలితే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. బరువు తగ్గకపోయినా ఈ లాభం ఉంటుంది. 5-17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్కూల్, ట్యూషన్, అరబీ క్లాస్ అయ్యేసరికి మగ్రిబ్ అయిపోతుంది. అందుకే అసర్ తర్వాత కాసేపు ఆటకే వదిలేయండి. ఆడపిల్లలకీ ఇదే లెక్క. బయటికి పంపడం కుదరకపోతే డాబా మీద స్కిప్పింగ్ అయినా ఆడనివ్వండి.