డబ్బా ఒకటే, బరువు వేరు: ఎరువులు కొలిచేటప్పుడు జాగ్రత్త



కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అని పిల్లల్ని అడిగి నవ్వుకుంటాం. రెండూ కిలోనే. అదే సంచి నిండా దూది, సంచి నిండా ఇనుము అయితే? ఒకటి భుజాన వేసుకుని నడుస్తాం, రెండోది కదపను కూడా లేం. పత్తి పండించే మనకు ఇది కొత్త సంగతి కాదు. ఎరువుల దగ్గరే మర్చిపోతున్నాం.

పోయిన వానాకాలం టేకులపల్లి మండలంలో ఒక మొక్కజొన్న చేను చూశాను. కింది ఆకులు కొన నుంచి నడిమి ఈనె వెంట పసుపు రంగుకు తిరిగాయి. అది నత్రజని లోపం. "యాభై కిలోల యూరియా వేశాను సార్" అన్నారు రైతు. ఎలా కొలిచారంటే లీటరు మగ్గు చూపించారు. మగ్గుకు కిలో లెక్కన 50 మగ్గులు చల్లారట. యూరియా బస్తా బరువు 45 కిలోలే. 50 మగ్గులు తీశాక కూడా అందులో ఇంకా ఎరువు మిగిలి ఉంది! తేడా అక్కడే తెలిసింది.

లీటరు మగ్గులో ఏది ఎంత?

తలకొట్టు కొలతగా నింపితే సుమారుగా:
- నీళ్ళు: 1 కిలో
- యూరియా: 750 గ్రాములు
- డీఏపీ: 950 గ్రాములు
- పొటాష్: 1,050 గ్రాములు
- వడ్లు: 550 నుంచి 600 గ్రాములు

యూరియా గుళిక తేలిక. గుళికల మధ్య గాలి కూడా ఉంటుంది. పొటాష్ పలుకు బరువు ఎక్కువ. అందుకే ఒకే మగ్గులో ఇంత తేడా.

పై రైతు చేనులో పడింది 37.5 కిలోలే. తగ్గిన 12.5 కిలోల యూరియాలో 5.75 కిలోల నత్రజని ఉంటుంది. తిరగేసి చూడండి: యూరియాకు సరిపెట్టుకున్న మగ్గుతోనే పొటాష్ పోస్తే నూటికి 40 పాళ్ళు ఎక్కువ పడుతుంది. డబ్బు దండగ.

ఏం చేయాలి?

1. మీ మగ్గును ఒక్కసారి కిరాణా దుకాణం కాటా మీద తూయించండి. ముందు ఖాళీ మగ్గు, తర్వాత ఎరువుతో. మొదటిది తీసేస్తే ఎరువు బరువు వస్తుంది.
2. ప్రతి ఎరువుకూ విడిగా తూచి, ఆ అంకెను మగ్గు మీద చెరగని రంగుతో రాసుకోండి.
3. ఎప్పుడూ తలకొట్టుగానే నింపండి. కుదిపితే ఎక్కువ పడుతుంది, గోపురంగా పోసినా అంతే.
4. పొడి రూపంలో ఉండే కలుపు మందులు, తెగుళ్ళ మందులు మూతతోనో అగ్గిపెట్టెతోనో కొలవకండి. గ్రాముల్లో తూచి, లేబుల్ మీద ఉన్న మోతాదే వాడండి.

ఇదే సూత్రం విత్తనానికి

వరి విత్తనంలో తాలు తీసేది కూడా ఈ బరువు తేడాతోనే. నీళ్ళలో ఉప్పు కరిగిస్తూ పోండి. తాజా కోడిగుడ్డు తేలి, పైన పావలా బిళ్ళంత కనబడితే చాలు. అందులో వడ్లు పోస్తే తాలు, అరకొర గింజలు తేలతాయి, వాటిని తీసేయండి. మునిగిన గట్టి గింజలను మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, విత్తనశుద్ధి చేసి నారు పోసుకోండి.

ఎకరానికి ఎంత ఎరువు వేయాలో భూసార పరీక్షను బట్టి మీ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. వచ్చేటప్పుడు మీ మగ్గు కూడా తెచ్చుకోండి, కలిసి తూద్దాం.