శాసనసభ్యుని విధులు

శాసనసభ్యుడు (వాడుకలో ఎమ్మెల్యే) అనగా భారతదేశంలో ఒక రాష్ట్ర శాసనసభకు ఓటర్లు నేరుగా ఎన్నుకొన్న ప్రతినిధి. మహిళా ప్రతినిధిని శాసనసభ్యురాలు అంటారు. చట్టాలు చేయడం, బడ్జెటును ఆమోదించడం, ప్రభుత్వాన్ని ప్రశ్నించడం శాసనసభ్యునికి రాజ్యాంగం అప్పగించిన పనులు. నియోజకవర్గంలో అర్జీలు స్వీకరించడం, శంకుస్థాపనలకు, గ్రామసభలకు, శుభకార్యాలకు హాజరు కావడం ఆచారంగా వచ్చిన పనులు. శాసనసభ్యుని వారం ఈ రెండింటి మధ్య గడుస్తుంది. సభ జరిగే రోజులు తక్కువ కావడం వలన సంవత్సరంలో ఎక్కువ వారాలు రెండవ రకం పనులకే పోతాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభ్యుల గురించి.

ఎన్నిక, పదవీకాలం

శాసనసభకు పోటీచేసే వ్యక్తి భారత పౌరుడై, 25 సంవత్సరాల వయస్సు నిండి, ఆ రాష్ట్రంలో ఓటరుగా నమోదై ఉండాలి. శాసనసభ పదవీకాలం 5 సంవత్సరాలు. అంతకు ముందే సభ రద్దు కావచ్చును. 2014 జూన్ 2న జరిగిన రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175, తెలంగాణ శాసనసభలో 119 స్థానాలు ఉన్నాయి. ఒక్కొక్క నియోజకవర్గంలో సగటున రెండు లక్షలకు పైగా ఓటర్లు ఉంటారు. రాజ్యాంగం 188వ అధికరణం ప్రకారం ఎన్నికైన సభ్యుడు ప్రమాణ స్వీకారం చేసిన తరువాతే సభలో తన స్థానంలో కూర్చుంటాడు.

సమావేశాలు జరిగే వారం

సమావేశాల కాలంలో ఏ రోజున ఏ అంశాన్ని చేపట్టాలో సభా కార్యకలాపాల సలహా సంఘం (బీఏసీ) నిర్ణయిస్తుంది. సాధారణంగా సభ ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో మౌఖికంగా జవాబు చెప్పాలి; దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వకంగా సమాధానం వస్తుంది. ముందుగా నోటీసు ఇచ్చే వీలులేని స్థానిక సమస్యలను జీరో అవర్‌లో క్లుప్తంగా ప్రస్తావిస్తారు.

బడ్జెట్ సమావేశాలలో పని ఎక్కువగా ఉంటుంది. గవర్నర్ ప్రసంగానికి ధన్యవాద తీర్మానం, బడ్జెట్‌పై సాధారణ చర్చ, శాఖల వారీగా పద్దులపై చర్చ వరుసగా జరుగుతాయి. చివరకు ద్రవ్య వినిమయ బిల్లును సభ ఆమోదిస్తేనే ప్రభుత్వం ఖజానా నుండి సొమ్ము ఖర్చు చేయగలదు. సభలో మాట్లాడిన మాటకు, వేసిన ఓటుకు సభ్యునిపై కోర్టులో చర్య తీసుకొనే వీలు లేదు (194వ అధికరణం). అయితే ఓటు వేయడానికి లంచం తీసుకొంటే ఈ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 2024 మార్చి 4న తీర్పు చెప్పింది.

బిల్లు చట్టమయ్యే విధానం

బిల్లును ప్రవేశపెట్టడం, క్లాజుల వారీగా పరిశీలించడం, ఆమోదించడం అనే మూడు దశలు ఉంటాయి. చాలా బిల్లులు మూజువాణి ఓటుతో ఆమోదం పొందుతాయి. మంత్రి కాని సభ్యుడు కూడా బిల్లు పెట్టవచ్చును గాని, అది చట్టంగా మారడం అరుదు.

ఈ రెండు రాష్ట్రాలలో శాసనమండలి కూడా ఉన్నది. మండలి ద్రవ్య బిల్లును 14 రోజులకు మించి ఆపలేదు. సాధారణ బిల్లును మొదటిసారి 3 నెలలు, శాసనసభ దానిని తిరిగి ఆమోదిస్తే మరొక నెల మాత్రమే ఆపగలదు. దీనికి ఉదాహరణ ఆంధ్రప్రదేశ్‌లో మూడు రాజధానులకు సంబంధించిన వికేంద్రీకరణ బిల్లు. శాసనసభ 2020 జనవరి 20న దీనిని ఆమోదించగా, మండలి అధ్యక్షుడు సెలెక్ట్ కమిటీకి పంపాలని నిర్ణయించారు. జూన్‌లో శాసనసభ రెండవసారి ఆమోదించింది. మండలి దానిని చేపట్టకుండానే వాయిదా పడింది. నెల గడిచిన తరువాత, జూలై 31న గవర్నర్ ఆమోదముద్ర వేశారు. ఆ చట్టాన్ని 2021 నవంబరులో శాసనసభే రద్దు చేసింది. అమరావతి కోసం భూములిచ్చిన రైతుల భవిష్యత్తు ఈ ఓట్లపై ఆధారపడింది.

గవర్నర్ బిల్లును ఆమోదించవచ్చు, నిలిపివేయవచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చు. ద్రవ్య బిల్లు కానిదైతే పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు.

నియోజకవర్గంలో

సభ లేని వారాలలో శాసనసభ్యుని దినచర్య ఇంటి వద్ద లేదా క్యాంపు కార్యాలయంలో సందర్శకులతో మొదలవుతుంది. వచ్చేవారు పింఛను, ఇంటి స్థలం, రేషన్ కార్డు, బదిలీ, పోలీసు కేసు, వైద్య ఖర్చుల వంటి విషయాలపై వస్తారు. శాసనసభ్యునికి వీటిని స్వయంగా మంజూరు చేసే అధికారం లేదు. అధికారికి ఫోను చేయడం, సిఫారసు లేఖ ఇవ్వడం మాత్రమే చేయగలడు. తిరుమల దర్శనం కోసం ఇచ్చే లేఖలు ఇందులో ప్రసిద్ధమైనవి. తెలంగాణ శాసనసభ్యుల లేఖలను కూడా స్వీకరించే విధానం 2025 మార్చిలో అమలులోకి వచ్చింది.

మధ్యాహ్నం నుండి పర్యటనలు ఉంటాయి. సిమెంటు రోడ్లకు శంకుస్థాపన, పాఠశాల గదుల ప్రారంభోత్సవం, ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కుల పంపిణీ, మండల పరిషత్తు సమావేశం, జాతరలు, పెళ్ళిళ్ళు, మృతుల కుటుంబాలకు పరామర్శ వీటిలో కొన్ని. తెలంగాణలో 2014 అక్టోబరు 2న ప్రారంభమైన కళ్యాణలక్ష్మి పథకం చెక్కులను శాసనసభ్యులు అందజేయడం ఆనవాయితీ అయినది.

ప్రభుత్వాలు కూడా శాసనసభ్యులను జనంలోకి పంపే కార్యక్రమాలను నడిపాయి. 1997లో మొదలైన జన్మభూమి, 2022 మే నెలలో మొదలైన గడప గడపకు మన ప్రభుత్వం ఇటువంటివి. ఇల్లెందు నుండి ఐదుసార్లు ఎన్నికైన గుమ్మడి నర్సయ్య సైకిలు మీద, బస్సులలో ప్రయాణిస్తూ సామాన్యులకు అందుబాటులో ఉన్న సభ్యునిగా పేరు పొందారు.

పరిమితులు

రాజ్యాంగం ప్రకారం రెండు సమావేశాల మధ్య వ్యవధి 6 నెలలకు మించరాదు. అయితే ఏటా ఎన్ని రోజులు సభ జరగాలో అందులో లేదు. 70 మందికి పైగా సభ్యులున్న శాసనసభ ఏటా కనీసం 90 రోజులు సమావేశం కావాలని రాజ్యాంగ పనితీరు సమీక్షా సంఘం 2002లో సూచించింది. ఆచరణలో ఈ రెండు రాష్ట్రాలలోను ఆ సంఖ్యకు చాలా తక్కువ రోజులే సభ జరుగుతున్నది.

1985లో చేర్చిన పదవ షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం పార్టీ విప్‌కు విరుద్ధంగా ఓటు వేస్తే సభ్యత్వం పోవచ్చును. అందువలన నియోజకవర్గానికి ఇష్టం లేని బిల్లుపై కూడా అధికార పక్ష సభ్యుడు వ్యతిరేకంగా ఓటు వేయడం కష్టం. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే ఆ స్థానం ఖాళీ అయినట్లు సభ ప్రకటించవచ్చును. నాలుగు రోజులకు మించిన వాయిదాలు ఈ లెక్కలోకి రావు. సభ జరిగే రోజులే తక్కువ కనుక ఈ నిబంధన వర్తించే సందర్భాలు అరుదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నవంబరు నుండి వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు, 2021 నవంబరు నుండి అప్పటి ప్రతిపక్ష నాయకుడు నారా చంద్రబాబునాయుడు నిరసనగా సభకు దూరంగా ఉన్నారు.

అర్జీ నుండి ప్రశ్న వరకు

ఈ రెండు రకాల పనులు వేరువేరుగా కనిపించినా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఉదాహరణకు, ఆగిపోయిన వంతెన గురించి ఒక గ్రామం ఇచ్చిన అర్జీపై శాసనసభ్యుడు ఇంజనీరుకు ఫోను చేస్తే ఫలితం ఆ అధికారి ఇష్టంపై ఆధారపడుతుంది. అదే విషయాన్ని నక్షత్ర గుర్తు గల ప్రశ్నగా అడిగితే మంత్రి జవాబు సభా రికార్డులోకి ఎక్కుతుంది. మంత్రి హామీ ఇస్తే అది నెరవేరినదో లేదో సభలోని ప్రభుత్వ హామీల సంఘం పరిశీలిస్తుంది. సిఫారసు లేఖను శాసనసభ్యుడే కాక ఇతర నాయకులు కూడా ఇవ్వగలరు. మంత్రిని సభలో నిలదీసి జవాబు రాబట్టడం మాత్రం సభ్యులకే గల హక్కు. ఓటరు తన ప్రతినిధి పనిని అంచనా వేసేటప్పుడు హాజరైన శుభకార్యాలతోపాటు సభలో అడిగిన ప్రశ్నలను కూడా లెక్కించవలసి ఉంటుంది.