తార్నాకలో చైనాటౌన్ ఎందుకు లేదు?

సాయంత్రం వేళ తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ వైపు నడిస్తే గోబీ మంచూరియా, నూడుల్స్ బండ్ల పొగ, గరిటెల చప్పుడు. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో చైనా భాష కూడా నేర్పుతారు. తిండి వచ్చింది, భాష వచ్చింది, చైనాటౌన్ మాత్రం హైదరాబాద్‌లో వెలియలేదు. మనీలాలో 1594 నుంచి బినోండో ఉంది, కోల్‌కతాలో టిరెట్టా బజార్, టాంగ్రా ఉన్నాయి. ఎక్కడికి పోయినా చైనీయులు ఒక్కచోటే చేరతారని, అది వాళ్ల స్వభావమని చాలామంది అంటారు. ఆ మాట నాకు సరైనదిగా తోచదు. పరాయి మనుషుల వాడ ఎక్కడ పుట్టాలో, ఎంతకాలం నిలవాలో తేల్చేది ముఖ్యంగా ఆ ఊరు వాళ్లకిచ్చిన పని, ఇచ్చిన ఇల్లు.

కోల్‌కతానే చూడండి. 18వ శతాబ్దం చివర్లో వారెన్ హేస్టింగ్స్ హయాంలో భూమి పొంది, చెరకు సాగు చేసి చక్కెర మిల్లు పెట్టిన టాంగ్ అచ్యూతో అక్కడి చైనీయుల కథ మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లలో కాంటన్ ప్రాంతీయులు వడ్రంగం, హుబే వాళ్లు పళ్ల వైద్యం, హక్కాలు చెప్పుల తయారీ, తోలు పని పట్టుకున్నారు. తోలు పనిని మైలగా చూసే సమాజంలో ఆ పనికి పోటీ తక్కువ. దాన్ని ఊరి నడిబొడ్డున ఎవరూ చేయనివ్వరు కాబట్టి ఊరి అంచున, చిత్తడి నేలల పక్కన ఉన్న టాంగ్రా హక్కాలదైంది. 1996లో సుప్రీంకోర్టు తోళ్ల కర్మాగారాలను తరలించమన్నాక అవే వీధుల్లో చైనీస్ హోటళ్లు పెరిగాయి. పని మారితే వాడ ముఖం మారింది.

కోల్‌కతాలా హైదరాబాద్‌కు రేవు లేదు. నిజాముల కాలంలో పరాయివాళ్లకు ఇక్కడ తెరిచి ఉన్న పెద్ద తలుపు సైన్యం. అందుకే మన పరదేశీ వాడలు సిపాయిల వాడలు: యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులకు చాంద్రాయణగుట్ట దగ్గర బర్కాస్, వనపర్తి సంస్థానం ద్వారా నిజాం కొలువులో చేరిన ఆఫ్రికన్ ఆశ్విక దళానికి మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్. 1948 తర్వాత ఆ కొలువు పోయింది, ఇళ్లు మిగిలాయి, వాటితోపాటు మనుషులూ మిగిలారు. బర్కాస్‌లో లుంగీ కట్టిన పెద్దలు, పొద్దుటి పూట తినే హరీస్ ఈనాటికీ ఉన్నాయి. ఆఫ్రికన్ సంతతి సిద్దీల మర్ఫా దరువు లేకుండా పాతబస్తీ బారాత్‌కు కళ రాదు. హబ్సిగూడ పేరు కూడా హబ్షీల (ఆఫ్రికన్ల) వల్లే వచ్చిందంటారు గానీ అక్కడ వాళ్ల వాడ నిలవలేదు.

తార్నాకకు మనుషుల్ని తెచ్చినవి చదువు, పరిశోధన. 1918లో ఏర్పడిన ఉస్మానియా, ఆ తర్వాత ఇఫ్లూ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థలు దేశం నలుమూలల వాళ్లనీ రప్పించాయి. ఆఫ్రికా, పశ్చిమాసియా విద్యార్థులూ ఏళ్లుగా ఉస్మానియాకు వస్తున్నారు. అయితే కోర్సు అయిపోతే వీసా అయిపోతుంది. హాస్టల్ గది మరొకరిదవుతుంది. తరం తర్వాత తరం ఒకేచోట ఉంటేనే గుడి, బడి, అంగడి పుడతాయి. క్యాంపస్ ఆ వ్యవధి ఇవ్వదు.

అలా విడి వాడ లేకపోవడమే మంచిది, అందరిలో కలిసిపోతారు కదా అని ఎవరైనా అనొచ్చు. అందులో న్యాయం ఉంది. కానీ చెదిరి ఉండటం తనంతట తాను రక్షణ కాదు. 1962 భారత్-చైనా యుద్ధ సమయంలో రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించిన సుమారు 3 వేల మంది చైనా సంతతివారిలో చాలామంది అస్సాం, డార్జిలింగ్ వంటి చోట్ల స్థానికుల మధ్యే బతికినవాళ్లు. ఇరుగుపొరుగులో కలిసిపోయినా పుట్టుకే నేరమైంది. ఇక కలిసిపోవాలంటే ముందు ఇల్లు దొరకాలి. టు-లెట్ బోర్డు కింద ‘ఓన్లీ ఫ్యామిలీస్’ అని రాసి, నల్లని ముఖం గేటు దగ్గర కనబడగానే ‘ఇప్పుడే ఇచ్చేశాం’ అనే చోట కలయిక ఎలా జరుగుతుంది?

తార్నాక, హబ్సిగూడ ఇంటి యజమానులను కోరేది ఒక్కటే. పాస్‌పోర్టు, వీసా, కాలేజీ కాగితాలు చూడండి, విదేశీయుల వివరాలు అధికారులకు ఆన్‌లైన్‌లో పంపండి, అందరికీ చెప్పిన అద్దె, అడ్వాన్సే చెప్పి ఇల్లు ఇవ్వండి.