ప్రింట్ షాపుకి వెళ్లే ముందు ఇది చూసి వెళ్లండి: పెన్‌డ్రైవ్, పీడీఎఫ్, ఆధార్ జాగ్రత్తలు

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల్ని చదువుకోడానికి వీలుగా ఇక్కడ ఇస్తున్నాం.)

 

ఈ రోజు కొత్త ఫోన్ రివ్యూ కాదు, కొత్త యాప్ కూడా కాదు. మన కాలేజీ గేటు ఎదురుగా ఉంటుంది చూడండి, జిరాక్స్ షాపు, దాని గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. రికార్డులు, ప్రాజెక్ట్ రిపోర్టులు, రెజ్యూమెలు, హాల్ టికెట్లు, ఆధార్ కాపీలు, మన జీవితంలో ముఖ్యమైన కాగితాలన్నీ ఏదో ఒక రోజు ఆ షాపు కంప్యూటర్ మీదుగానే వెళ్తాయి. అక్కడ చేసే చిన్న పొరపాటు ఒక్కోసారి ఎంత దూరం వెళ్తుందో ముందు నా కథ చెప్తాను.

నేను ఫైనల్ ఇయర్‌లో ఉన్నప్పటి మాట. మేం నలుగురం ఒక టీమ్. రిపోర్ట్ మొత్తం ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉంది. రేపు ఉదయం సబ్మిషన్ అనగా ఈ రోజు సాయంత్రం షాపుకి వెళ్లాం. షాపు అన్న పెన్‌డ్రైవ్ పెట్టి ఓపెన్ చేశాడు. చూస్తే మా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి ఉన్నాయి. ఐకాన్ మీద చిన్న బాణం గుర్తు. నొక్కితే ఏమీ తెరుచుకోవట్లేదు.

మా వాడు ఒకడు కంగారులో, "రేయ్, వైరస్ రా, ఫార్మాట్ కొట్టేయ్" అన్నాడు. కొట్టేశాం. అంతటితో ఆగామా? అదే పెన్‌డ్రైవ్‌లోకి పక్క టీమ్ వాళ్ల పీపీటీ కూడా కాపీ చేసుకున్నాం. ఆ తర్వాత తెలిసింది అసలు విషయం. మా ఫైల్స్ ఎక్కడికీ పోలేదు. వైరస్ వాటిని కనపడకుండా దాచింది, అంతే. వాటిని నిజంగా పోగొట్టింది మేమే.

ఆ రాత్రి మా గైడ్ దగ్గరున్న పాత డ్రాఫ్ట్ ప్రింటు ముందు పెట్టుకుని నలుగురం తెల్లారేదాకా టైప్ చేశాం. సబ్మిట్ అయితే చేశాం గానీ, మూడు నెలలు తీసిన రీడింగులు సగం తిరిగి రాలేదు. అందుకే ఈ ఎపిసోడ్.

షార్ట్‌కట్ వైరస్ కనిపిస్తే ఏం చేయాలి?

మొదటి మాట: ఆ షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేయొద్దు. మీరు ఫోల్డర్ అనుకుని నొక్కుతారు, అది వెనకాల వైరస్ ప్రోగ్రామ్‌ని నడిపిస్తుంది. అప్పుడు ఆ కంప్యూటర్‌కి కూడా అంటుకుంటుంది. రేపు ఆ కంప్యూటర్‌లో పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అదే గతి. షాపుల్లో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. రోజూ ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు పెడతారో ఒక్కసారి ఆలోచించండి.

రెండో మాట: ఫార్మాట్ చేయొద్దు. ముందు ఫైల్స్ ఉన్నాయో లేదో చూడండి. సింపుల్ పద్ధతి చెప్తాను. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఓటీజీ కేబుల్‌తో ఆ పెన్‌డ్రైవ్ పెట్టండి. విండోస్‌లో ఫైల్‌ని దాచే గుర్తుని ఫోన్ సాధారణంగా పట్టించుకోదు కాబట్టి, అక్కడ దాక్కున్న ఫైల్స్ ఇక్కడ మామూలుగా కనిపిస్తాయి. ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్ ఒకటి ఉంటుంది, అందులోకి కూడా వెళ్లి చూడండి. మీ డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే ఫోన్‌లోకి కాపీ చేసుకోండి. తెలియని ప్రోగ్రామ్ ఫైల్స్ జోలికి వెళ్లొద్దు.

కంప్యూటర్‌లోనే చూడాలంటే, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ ఆన్ చేయండి. అప్పటికీ కనపడకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' అనే దాని ముందున్న టిక్ తీసేయండి. ఈ వైరస్‌లు చాలావరకు ఫైల్స్‌కి సిస్టమ్ ఫైల్ అనే ముద్ర కూడా వేస్తాయి, అందుకే మొదటి సెట్టింగ్ ఒక్కటీ సరిపోదు. పని అయ్యాక ఆ టిక్ మళ్లీ పెట్టేయండి.

ఫైల్స్ భద్రంగా బయటికి తీసుకున్నాక, అప్పుడు పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి.

మరి మాలాగే కంగారులో ఫార్మాట్ చేసేస్తే? అప్పుడూ కొంచెం ఆశ ఉంది. క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేయడం లాంటిది. లోపలి పాఠాలు ఇంకా ఉంటాయి, ఏది ఎక్కడుందో చెప్పే పేజీ ఉండదు. రికువా, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆ లోపలి పేజీల్ని వెతికి తీస్తాయి. కానీ ఒక షరతు. ఫార్మాట్ తర్వాత ఆ పెన్‌డ్రైవ్‌లో కొత్తగా ఏదీ కాపీ చేయకూడదు. కొత్త ఫైల్ పాతవాటి మీదకి ఎక్కి కూర్చుంటుంది. మేం పీపీటీ ఎక్కించి ఆ దారి కూడా మూసేసుకున్నాం అన్నమాట.

అసలు ఒక్క కాపీయే ఎందుకుంది?

నిజం చెప్పాలంటే మా తప్పు వైరస్ దగ్గర మొదలవలేదు. ఒక్క కాపీ మీద ఆధారపడటం దగ్గర మొదలైంది.

బ్యాకప్ విషయంలో 3-2-1 అనే పాత సూత్రం ఒకటి ఉంది. 3 కాపీలు, 2 రకాల చోట్ల, అందులో 1 ఇంటికి బయట. మన భాషలో చెప్పుకుంటే ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి. ల్యాప్‌టాప్ లేదా? ఫోన్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి, మీ మెయిల్‌కి మీరే పంపుకున్నది ఒకటి. గూగుల్ అకౌంట్‌తో 15 జీబీ ఉచితంగా వస్తుంది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ దాన్నే పంచుకుంటాయి. ఒక ప్రాజెక్ట్ రిపోర్ట్‌కి అందులో మూల కూడా నిండదు. మెయిల్‌లో అయితే అటాచ్‌మెంట్ 25 ఎంబీ దాకా వెళ్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. డ్రైవ్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఫైల్ ఎవరి అకౌంట్‌లో ఉందో వాళ్లు పొరపాటున డిలీట్ చేస్తే చివరికి అది అందరికీ పోతుంది. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత దానంతట అదే వెళ్లిపోతుంది. అందుకే వేరే కాపీ ఉండాలి. గూగుల్ డాక్స్‌లో రాస్తుంటే మాత్రం ఒక మేలు. ఎవరో ఒక చాప్టర్ మొత్తం చెరిపేసినా ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీకి వెళ్లి నిన్నటి రూపాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఫైల్ పేర్లు కూడా చూసుకోండి. ఫైనల్, ఫైనల్ ఫైనల్, రియల్ ఫైనల్ అని పెడతాం కదా? షాపులో తొందరలో ఏది ప్రింట్ అవుతుందో దేవుడికే తెలియాలి. పేరు చివర తేదీ పెట్టండి, చాలు.

ఇంట్లో బాగున్న పేజీ షాపులో ఎందుకు చెదిరిపోతుంది?

ఇది అందరికీ అయ్యే అనుభవమే. ఫోన్‌లో చక్కగా కనిపించిన వర్డ్ ఫైల్ షాపులో ఓపెన్ చేస్తే టేబుల్ పక్కకి జరిగిపోతుంది, 40 పేజీలది 43 అవుతుంది, విషయసూచికలో నంబర్లన్నీ తప్పు.

కారణం ఏంటంటే, వర్డ్ ఫైల్‌లో సాధారణంగా అక్షరాల ఆకారాలు ఉండవు. 'ఈ ఫాంట్ వాడు' అని ఒక సూచన మాత్రమే ఉంటుంది. ఆ ఫాంట్ షాపు కంప్యూటర్‌లో లేకపోతే అది వేరే ఫాంట్ పెట్టుకుంటుంది. ఆ ఫాంట్‌లో అక్షరాల వెడల్పు వేరు. లైన్ మారుతుంది, లైన్ మారితే పేజీ మారుతుంది.

పీడీఎఫ్‌లో అలా కాదు. అక్షరాల ఆకారాలు కూడా మామూలుగా ఫైల్‌లోనే కలిసి వస్తాయి. అందుకే ఎక్కడ తెరిచినా ఒకేలా ఉంటుంది. షాపుకి ఎప్పుడూ పీడీఎఫ్ తీసుకెళ్లండి, వర్డ్ ఫైల్ మీ దగ్గర ఉంచుకోండి.

పీడీఎఫ్ చేసే ముందు పేజ్ సెటప్‌లో ఏ4 ఉందో లేదో చూడండి. కొన్ని యాప్‌లలో లెటర్ సైజ్ ఉంటుంది, అది అమెరికా కొలత. ఏ4 అంటే 210 బై 297 మిల్లీమీటర్లు. లెటర్ దానికన్నా కాస్త వెడల్పు, కాస్త పొట్టి. లెటర్‌లో చేసిన పేజీని ఏ4 కాగితం మీద కొడితే మార్జిన్లు తేడా వస్తాయి, బైండింగ్ దగ్గర అక్షరాలు లోపలికి పోవచ్చు.

తెలుగులో టైప్ చేయించిన వాళ్లకి ఇంకో మాట. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలామంది అను ఫాంట్స్ వాడతారు. ఆ ఫైల్ మీ ఫోన్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిపి ఏదో పిచ్చిగా కనిపిస్తుంది. ఫైల్ పాడైపోలేదు. అందులో లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే, ఆ ఫాంట్ వాటికి తెలుగు ఆకారం తొడుగుతుంది. ఫాంట్ లేకపోతే ముసుగు తీసేసినట్టే. కాబట్టి డీటీపీ వాళ్లనే పీడీఎఫ్ కూడా చేసిమ్మని అడగండి. కొత్తగా టైప్ చేయించేటప్పుడైతే యూనికోడ్‌లో చేయమనండి. మన ఫోన్లలో, వాట్సాప్‌లో వాడేది అదే, ఎక్కడైనా తెరుచుకుంటుంది.

ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు ముందు ఒక్క పేజీ కొట్టించి చూసుకోండి. కలర్ పేజీల నంబర్లు చీటీ మీద రాసి ఇవ్వండి. లేదంటే అంతా కలర్‌లో వచ్చి బిల్లు చూసి మనం బిత్తరపోతాం.

ఫైల్ వెళ్లాలి, అకౌంట్ కాదు

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. షాపు కంప్యూటర్‌లో మీ జీమెయిల్ తెరవొద్దు. వాట్సాప్ వెబ్ స్కాన్ చేయొద్దు. పని అయిపోయిందని మనం వెళ్లిపోతాం, లాగౌట్ మర్చిపోతాం. తర్వాత కుర్చీలో కూర్చున్న మనిషికి మన చాట్లు, మెయిల్ అన్నీ తెరిచి ఉంటాయి. మెయిల్ చేతిలో ఉంటే మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్‌లు మార్చుకోడానికి కూడా దారి దొరుకుతుంది.

మీ ఫోన్ నుంచే షాపు మెయిల్‌కో, షాపు వాట్సాప్‌కో పీడీఎఫ్ పంపండి. వాట్సాప్‌లో ఫొటో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు క్వాలిటీ తగ్గదు.

తప్పనిసరై లాగిన్ అవ్వాల్సి వస్తే ఇన్‌కాగ్నిటో విండో వాడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే క్రోమ్‌లో వస్తుంది. ఆ విండోలన్నీ మూసేస్తే లాగిన్ పోతుంది. కానీ డౌన్‌లోడ్ చేసిన ఫైల్ మాత్రం ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు.

ఇంతకుముందు ఎక్కడైనా మర్చిపోయారేమో అని అనుమానమా? వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌కి వెళ్లండి. తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ కొట్టండి. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ, ఆ తర్వాత యువర్ డివైసెస్ చూడండి. అక్కడ కూడా ఇంట్లో కూర్చునే సైన్ అవుట్ చేయొచ్చు.

ఆధార్ కాపీ సంగతి

షాపు వాట్సాప్‌కి ఆధార్ పంపి, ప్రింట్ తీసుకుని, 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టేసి హమ్మయ్య అనుకుంటాం. చాట్‌లో పోతుంది, నిజమే. కానీ ఆ అన్న అప్పటికే డౌన్‌లోడ్ చేసి ఉంటాడు కదా? డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మీ ఆధార్, మీ ముందు వచ్చిన వాళ్ల ఆధార్, పాన్, మార్కుల మెమో వరసగా ఉంటాయి. ఆయన చెడ్డవాడని కాదు. రోజూ వందల ఫైల్స్ వస్తే తీసేసే టైం ఉండదు, అంతే.

మొహమాటపడకుండా అడగండి: "అన్నా, ఆ ఫైల్ ఒకసారి డిలీట్ చేయవా?" షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు. పది సెకన్ల పని. నేను అడిగిన ఏ షాపులోనూ ఎవరూ కాదనలేదు.

పూర్తి నంబర్ అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మై ఆధార్ సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ ఆప్షన్ ఉంటుంది. మొదటి 8 అంకెలు దాగి, చివరి 4 మాత్రమే కనిపిస్తాయి. ఆ పీడీఎఫ్ పాస్‌వర్డ్ ఏంటని అడుగుతుంటారు. మీ పేరులో మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడిలో, తర్వాత పుట్టిన సంవత్సరం. ఈ ఫార్ములా అందరికీ తెలిసిందే కాబట్టి, పాస్‌వర్డ్ ఉంది కదా అని ఫైల్‌ని ఎక్కడ పడితే అక్కడ వదిలేయకండి.

ఈ రోజే చేయాల్సినవి

ఎక్కువ చెప్పాను, మూడే గుర్తుంచుకోండి. ఒకటి, మీ ముఖ్యమైన ఫైల్ ఎన్ని చోట్ల ఉందో ఇప్పుడే లెక్కపెట్టండి. ఒక్కచోటే ఉంటే ఈ పేజీ మూసే ముందే రెండో కాపీ చేయండి. రెండు, వాట్సాప్ లింక్డ్ డివైసెస్ ఒకసారి తెరిచి చూడండి. మూడు, షాపుకి వెళ్లేముందు పీడీఎఫ్ చేసి, చివరి పేజీ దాకా జరిపి చూసుకోండి.

ఇంకో మాట. మీ ఇంట్లో తమ్ముడో చెల్లో ఈ ఏడాది ప్రాజెక్ట్ చేస్తుంటే వాళ్లకి ఇది పంపండి. సబ్మిషన్ ముందు రాత్రి నలుగురు కూర్చుని ఏడవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాళ్లకి ఆ రాత్రి రాకూడదు.

మీకు షాపులో ఇలాంటి అనుభవం ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.