మోడెమ్ చప్పుడులో దొరికే ఆచూకీ

భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినది మొదలు, బ్రాడ్‌బ్యాండ్ ఇళ్లలోకి వచ్చేదాకా, ఇంటి కంప్యూటర్‌కు నెట్ అందించిన ప్రధాన మార్గం మామూలు టెలిఫోన్ తీగే. కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఆ తీగపై ప్రయాణించగల ధ్వనిగాను, అవతలి నుంచి వచ్చిన ధ్వనిని తిరిగి సమాచారంగాను మార్చే పరికరాన్ని మోడెమ్ అంటారు. కనెక్షన్ కుదరనప్పుడు చాలామంది సెట్టింగులన్నీ కెలికి, సరిగా ఉన్నవాటిని కూడా చెడగొట్టుకునేవారు. నిజానికి మోడెమ్ స్పీకరును ఆపకుండా, చప్పుడు ఏ దశలో తెగిపోతున్నదో గమనిస్తే లోపం ఎక్కడున్నదో చాలావరకు తెలిసిపోతుంది.

మొదట వినిపించవలసినది డయల్ టోన్, అంటే నంబరు స్వీకరించడానికి ఎక్స్ఛేంజి సిద్ధంగా ఉన్నదని తెలిపే ధ్వని. అది అందకపోతే విండోస్ 98 తెరపై 680 అనే ఎర్రర్ సంఖ్య కనిపిస్తుంది. తీగ ఊడిపోయి ఉండడం, అదే లైనుకు తగిలించి పక్కగదిలో ఉంచిన పారలెల్ ఫోన్ రిసీవరు సరిగా పెట్టకపోవడం దీనికి సాధారణ కారణాలు. ఫోనులో టోన్ స్పష్టంగా ఉన్నా అదే సంఖ్య వస్తుంటే మాత్రం సంగతి వేరు: డయల్ టోన్ దేశానికొక తీరుగా ఉంటుంది కనుక పరాయి దేశపు ప్రమాణానికి తయారైన మోడెమ్ ఇక్కడి టోన్‌ను గుర్తించకపోవచ్చు. అప్పుడు మోడెమ్ సెట్టింగుల్లో డయల్ టోన్ కోసం ఆగమనే గడిలో టిక్కు తీసేస్తే, మోడెమ్ టోన్‌తో నిమిత్తం లేకుండా డయల్ చేస్తుంది.

నంబరు డయల్ అయ్యాక లైను బిజీగా ఉంటే 676, అవతలి మోడెమ్ ఎత్తకపోతే 678 వస్తాయి. వీటికి మళ్లీ ప్రయత్నించడం తప్ప ఇంట్లో చేయగలిగింది తక్కువ. అవతలి మోడెమ్ ఎత్తితే ముందుగా 2100 హెర్ట్జ్‌ల సన్నని కూత, ఆపై కీచు శబ్దాలు, చివరికి బుస్సుమనే హోరు వినిపిస్తాయి. రెండు మోడెమ్‌లు లైను నాణ్యతను పరీక్షించుకొని, ఏ వేగంతో మాట్లాడుకోవాలో ఒప్పందానికి వచ్చే ఈ ఘట్టాన్నే హ్యాండ్‌షేక్ అంటారు. ఇది మళ్లీ మళ్లీ మొదలవుతున్నా, మధ్యలో తెగిపోతున్నా లైనునే అనుమానించాలి. టెలిఫోన్ తీగ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనులను మోయడానికి ఏర్పాటైనది. మోడెమ్ ఆ ఇరుకులోనే పనిచేయాలి కనుక, మనిషి చెవి పట్టించుకోని చిన్న గరగర కూడా మోడెమ్‌కు పెద్ద అడ్డంకి అవుతుంది. రిసీవరు ఎత్తి ఒక్క అంకె నొక్కితే డయల్ టోన్ ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో గరగర వినిపిస్తే, ముఖ్యంగా వాన కురిసిన మర్నాడు, ఏదో ఒక జాయింటులో తడి చేరిందనుకోవచ్చు. పారలెల్ ఫోన్లన్నీ తీసేసి, తీగ ఇంట్లోకి వచ్చేచోట ఒక్క ఫోనునే తగిలించి విన్నప్పుడు గరగర పోతే లోపం ఇంటి వైరింగులోదే. పోకపోతే లైన్‌మాన్‌కు కబురు పెట్టవలసిందే. 56 కెబిపిఎస్ (సెకనుకు కిలోబిట్లు) వేగపు మోడెమ్ కొన్నవారికి ఆ అంకె తెరపై కనిపించకపోవడం లోపమేమీ కాదు, అది అన్నీ కలిసివస్తే దక్కే గరిష్ఠ పరిమితి మాత్రమే.

స్పీకరు మూగబోయిందంటే సాధారణంగా మోడెమ్‌లు కలిసినట్టే. ఆ తరువాత 691 వస్తే యూజర్ పేరో, పాస్‌వర్డో తప్పు. క్యాప్స్ లాక్ పొరపాటున నొక్కి ఉన్నదేమో ముందు చూసుకోవాలి. కనెక్షన్ నిలబడి కూడా పేజీలు తెరుచుకోకపోతే, సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డిఎన్ఎస్ సర్వర్ వివరాలు తప్పుగా ఉండవచ్చు. వాటిని చేత్తో నింపకుండా, సేవాసంస్థ సర్వరు దానంతటదే ఇచ్చేలా వదిలేస్తే చాలాసార్లు సరిపోతుంది.