బార్కస్ పళ్లెంలో అరబ్బు ఊరు

పొద్దున ఆరున్నరకే బార్కస్ బజారులో నెయ్యి కాగిన వాసన. హైదరాబాద్ పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డు మీదకు రాగానే తగిలే ఈ పేటలో చాలామందికి ఉదయపు పలహారం ఇడ్లీ కాదు, గోధుమలు, మాంసం కలిపి ఉడికించే హరీస్. దుకాణం ముందు మట్టితో మెత్తిన భట్టీలో డేగిసా మెడదాకా దిగి ఉంది. లుంగీ కట్టుకున్న పెద్దాయన గరిటె ముంచి ఎత్తాడు. తెల్లటి ముద్ద తెగకుండా తీగలా సాగుతూ పళ్లెంలోకి జారింది. "మీఠా యా ఖారా?" అని అడిగాడు. తీపి అంటే పైన చక్కెర చల్లి నెయ్యి పోస్తారు. మాంసం మీద చక్కెరా అని ఒక్క క్షణం వెనకాడాను, అయినా మీఠాయే అడిగాను.

నోట్లో పెట్టుకుంటే గోధుమ ఏదో మాంసం ఏదో తెలియదు. రెండూ రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికి, మన పప్పుగుత్తికి పెద్దన్నలాంటి కర్రతో దెబ్బలు తిని ఒక్కటైపోయాయి. అల్లం లేదు, గరం మసాలా లేదు. గోధుమలు, మాంసం, ఉప్పు, నెయ్యి, అంతే. చక్కెర పలుకులు మాత్రం పంటి కింద కరకరలాడతాయి. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన వంటల పుస్తకంలోనే హరీస్ ఉంది. గల్ఫ్ దేశాల హరీస్ వంటకాన్ని 2023లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అదే వంట మన రాజధానిలో ఒక సందు మొదట్లో పొద్దున్నే దొరుకుతుందంటే నాకు గర్వంగా అనిపించింది.

ఇది ఇక్కడికి ఎలా వచ్చిందో ఊరి పేరే చెబుతుంది. సైనికుల బ్యారక్స్ జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్నచోటు ఏసీ గార్డ్స్ అయినట్టే. యెమెన్ తూర్పు భాగంలో హద్రమౌత్ అనే ఎండిన లోయ ఉంది. పొట్ట చేతబట్టుకుని అక్కడి నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్లు నిజాం కొలువులో సిపాయిలుగా చేరారు. చావుష్‌లని పిలిచేవారు వీళ్లను. కొందరు ఎంత ఎదిగారంటే, హైదరాబాద్‌లో జమాదారీ చేసిన ఖుఐతీ వంశం ఇక్కడ కూడబెట్టిన సొమ్ముతో హద్రమౌత్‌లో ఏకంగా రాజ్యమే స్థాపించింది. ముకల్లా రేవు రాజధానిగా అది 1967 దాకా నిలిచింది. 1948 పోలీసు చర్య తర్వాత ఆ సైన్యాలు లేకుండా పోయాయి. చాలామంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు వ్యాపారాల్లోకి, తర్వాత గల్ఫ్ కొలువుల్లోకి మళ్లారు. పక్కనే ఉన్న బస్తీ పేరు సలాలా, ఒమన్‌లోని రేవు పట్నం పేరు. గడపల మీద బావజీర్, యాఫయీ లాంటి ఇంటిపేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

రంజాన్ వస్తే మనం ఎగబడే హలీం ఈ హరీస్ కడుపున పుట్టిందే. దక్కన్‌కు వచ్చాక పప్పులు, మసాలాలు, వేయించిన ఉల్లిపాయలు చేరి దానికి రంగూ ఘాటూ వచ్చాయి. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మన దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. దాని నిబంధన ప్రకారం పది పాళ్ల మాంసానికి నాలుగు పాళ్ల గోధుమ వేసి, రాగి పాత్రలో కట్టెల మంట మీద పన్నెండు గంటలు ఉడికించాలి. బిడ్డకు అంత పేరొచ్చింది, తల్లిని మాత్రం బార్కస్ దాటితే అడిగేవాళ్లు తక్కువ.

మధ్యాహ్నం నుంచి పేట మండీ అనే వంటకానిది. నేలలో తవ్విన పొయ్యిలో అడుగున బియ్యం, పైన మాంసం పెట్టి మూత బిగిస్తారు. మాంసం చెమర్చి చుక్కచుక్కగా అన్నంలోకి దిగుతుంది. తడి, మంచు అని అర్థమిచ్చే అరబ్బీ మాట నుంచే దానికా పేరు వచ్చిందంటారు. ఇవాళ తెలుగు పట్నాల్లో సెంటర్‌కొక మండీ బోర్డు కనిపిస్తోంది. వాటిలో చాలాచోట్ల పెట్టేది రంగన్నం మీద వేపుడు కోడి. అసలు మండీలో మసాలా పలచన, అన్నం గింజలోనే మాంసపు రుచి. నలుగురు నేల మీద చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో తినడం దాని మర్యాద. పంచుకోని మండీ సగం మండీయే.

చార్మినార్ నుంచి బార్కస్ ఆరేడు కిలోమీటర్లు. ఫలక్‌నుమా దాకా ఎంఎంటీఎస్ రైల్లో వచ్చి ఆటో ఎక్కినా సరిపోతుంది. మండీకి మధ్యాహ్నమో రాత్రో నలుగురు కలిసి వెళ్లండి. జామకాయల కాలమైతే ఇక్కడి జామలూ కొనుక్కోండి, వాటికీ పేరుంది. హరీస్‌కు మాత్రం పొద్దున్నే బయల్దేరండి. డేగిసా ఖాళీ అయితే మళ్లీ మర్నాడే.