కొల్లేటి గ్రామములకు మోడెము తోడు

బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటిలో కలిసినపుడు లంక గ్రామముల బాటలు మునుగును. 2024 సెప్టెంబరులోను అట్లే జరిగినది. అప్పుడు గ్రామమందలి టెలిఫోను పరికరము నిలిచిపోయినచో ఉద్యోగి అచటికి చేరుట కష్టము.

అట్టి వేళ మోడెము తోడ్పడును. అది పరికరము స్థితిని సంకేతములుగా మార్చి దూర కేంద్రమునకు పంపును. అచటి ఆజ్ఞలను పరికరమునకు అందించును. ఉద్యోగి ఏలూరులోనో తాడేపల్లిగూడెములోనో కూర్చుండియే లోపమును కనుగొని, పరికరమును ఆపి, తిరిగి నడపగలడు.

అయితే మోడెమునకు ప్రధాన కేబులు కాక వేరొక మార్గము, బ్యాటరీ ఆధారము ఉండవలెను. లేనిచో కేబులు తెగినపుడు మోడెము కూడ మూగవోవును. తెగిన కేబులును అతుకుటకు మాత్రము మనిషి రావలసినదే.

కావున పంచాయతీ సభ్యులు తమ కార్యాలయమందలి భారత్‌నెట్ పరికరమునకు విద్యుత్తు ఆగకుండ చూడవలెను. కాలువ గాని రోడ్డు గాని త్రవ్వించుటకు ముందు కేబులు జాడ విచారింపవలెను.